ఇసుక మెట్ట నేలలో పంట తీయడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇసుక నేల అంటే ఒకటి కాదు, రెండు. సముద్రం ఒడ్డున తెల్లటి ఇసుక మెరకలు ఒకటి. అక్కడి నుంచి పడమరకు వస్తే కనిపించే ఎర్రటి ఇసుక గరప మెట్ట రెండోది. రెంటికీ ఒకే లెక్కన నీళ్లూ ఎరువులూ పెడితే ఒకదాంట్లో నష్టం తప్పదు. ముందు మీ నేల ఏదో తేల్చుకోండి.

నేలను పట్టి చూడటం

పొలంలో ఏడెనిమిది చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలపండి. గుప్పెడు తడిపి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టకుండా రాలిపోతే అది ఇసుక. ఉండ కట్టి, వేలు తగలగానే చెదిరితే ఇసుక గరప.

ఇంకా కచ్చితంగా కావాలంటే లీటరు గాజు సీసాలో మూడో వంతు ఆ మట్టి, మిగతా నీళ్లు, చెంచాడు బట్టల సోడా పొడి వేసి ఐదు నిమిషాలు గట్టిగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో అడుగున చేరింది ఇసుక, అక్కడ గీత పెట్టండి. రెండు గంటలకు పైన చేరింది ఒండ్రు. ఒకటి రెండు రోజులకు తేరేది బంక. మొత్తం మందం 10 సెంటీమీటర్లయితే అందులో ఎనిమిదిన్నరకు మించి ఇసుకే ఉన్నప్పుడు అది అసలైన ఇసుక నేల.

ఒకచోట మూడడుగుల గుంట కూడా తవ్వి చూడండి. పైన ఇసుక ఉండి రెండడుగుల కింద బంక పొర తగిలితే కార్తీక మాసపు వానలకు అక్కడ నీరు నిలుస్తుంది. అలాంటి చోట మామిడి, నిమ్మ వేర్లు కుళ్లుతాయి. పైనుంచి చూస్తే ఇది తెలియదు.

నీళ్లు: తక్కువ తక్కువగా, తరచుగా

ఇసుక నీటిని మింగుతుంది గానీ దాచుకోదు. మీటరు లోతు ఇసుకలో మొక్క తాగగలిగిన నీరు సుమారు 70 మిల్లీమీటర్లు. వేరుశనగ వేళ్లు ఎక్కువగా ఉండే 45 సెంటీమీటర్లలో దాదాపు 30 మిల్లీమీటర్లు. అందులో సగం అయిపోగానే తడి ఇవ్వాలి, అంటే 15 మిల్లీమీటర్లు. పంట రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది కాబట్టి మూడు నాలుగు రోజులకో తడి. ఎకరాకు ఒక మిల్లీమీటరు అంటే సుమారు 4,050 లీటర్లు, కనుక ఒక తడికి దాదాపు 60 వేల లీటర్లు. అంతకు రెట్టింపు పెట్టినా పంటకు దక్కేది అంతే. మిగతాది యూరియాను వెంటబెట్టుకుని కిందికి దిగిపోతుంది. కాలువల్లో పారించి ఈ కొలత సాధించడం కష్టం, స్ప్రింక్లర్లు లేదా డ్రిప్పు కావాల్సిందే. ఇసుక గరపలో ఈ వ్యవధి దాదాపు వారం దాకా పెంచుకోవచ్చు.

ఒడ్డున ఉన్నవాళ్లకు నీటి ఆధారం దొరువు, అంటే ఇసుకలో తవ్వుకున్న లోతు తక్కువ నీటి గుంట. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. పల్చటి ఆ మంచినీటి పొరనే దొరువు పట్టుకుంటుంది. నీళ్లు చాలడం లేదని లోతుగా తవ్వినా, పెద్ద మోటారు పెట్టి గంటల తరబడి తోడినా కింది ఉప్పు నీరు పైకి పొంగుతుంది. ఒకసారి పొంగితే మళ్లీ పెద్ద వానలు పడేదాకా సరిగా దిగదు. అందుకే చిన్న మోటారుతో కాసేపు తోడి, నీరు ఊరేదాకా ఆపాలి. లోతు పెంచే బదులు అడ్డంగా విస్తరించడం మేలు: నీటిమట్టానికి కొద్దిగా కింద చిల్లుల పీవీసీ గొట్టాలను నైలాన్ జాలీ చుట్టి పరిచి, మధ్య బావిలోకి కలుపుతారు. వేసవిలో నెలకోసారి నీటిని పరీక్ష చేయించండి. ఉప్పు సూచిక (ఈసీ) మీటరుకు రెండు డెసీసైమన్లు దాటుతుంటే కూరగాయలు తగ్గించుకోండి.

బలం ఎక్కించడం

ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు ఏటా వేయాలి. ఇసుకలో అది త్వరగా చివికిపోతుంది, నిరుడు వేసింది ఈ ఏటికి రాదు. గొర్రెల మంద తోలించుకోగలిగితే వదులుకోకండి. జనుము చల్లి, పూత దశలో కలియదున్నినా మంచిదే.

చెరువు మట్టి విషయంలో చిన్న లెక్క. ఎకరం పైపొర 15 సెంటీమీటర్ల లోతు బరువు 900 టన్నులకు పైగా ఉంటుంది. బంక ఒక్క శాతం పెరగాలన్నా, 40 శాతం బంక ఉన్న చెరువు మట్టి పాతిక టన్నులు కావాలి. మూడు టన్నుల ట్రక్కులైతే ఎనిమిదికి పైనే. రెండు ట్రక్కులు తోలి నేల మారిపోతుందనుకోవడం భ్రమ. మట్టిలో చౌడు లేదని పరీక్ష చేయించాకే తోలండి.

వేరుశనగకు

ఈ నేలకు చెనిక్కాయ అతికినట్టు సరిపోతుంది. ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) సులువుగా దిగుతాయి, కాయ శుభ్రంగా వస్తుంది. ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 18 కిలోల యూరియా విత్తేటప్పుడు వేయండి. నీటి వసతి ఉంటే 30 రోజులకు మరో 9 కిలోల యూరియా. భాస్వరానికి డీఏపీ కంటే సూపరే నయం, దాంతో సున్నం (కాల్షియం), గంధకం కూడా అందుతాయి.

పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం సాళ్ల పక్కన వేసి మట్టి ఎగదోయాలి. కాయ తనకు కావాల్సిన సున్నాన్ని వేళ్ల ద్వారా కాక చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. ఇసుకలో అది కొట్టుకుపోతుంది కాబట్టే పైరు పచ్చగా ఉన్నా కాయలు లొట్టలవుతుంటాయి. జిప్సం వేసేటప్పుడు నేలలో పదును ఉండాలి.

వాన పడ్డాక ఇసుకలో పదును ఒకటి రెండు రోజులే. దున్నిన రోజే, ఐదు సెంటీమీటర్ల లోతున విత్తేయండి. కాయలు చిన్నవై తొక్క నల్లబడితే అది నులిపురుగు వల్ల వచ్చే కాళహస్తి తెగులు. తేలిక నేలల జబ్బిది. అక్కడ వరుసగా వేరుశనగే వేయకండి.

సరుగుడు, జీడిమామిడి, మామిడి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మామిడికి పేరుపడ్డ ఉలవపాడు తోటలే సాక్ష్యం. తోటకు తూర్పున రెండు మూడు వరుసల సరుగుడు ఉంటే గాలికి ఎగిరే ఇసుక లేత మొక్కల్ని కొట్టదు. వరి మాత్రం వద్దు, మడిలో నీరు నిలవదు.

వేరుశనగ పీకే ముందు నేల ఎండిపోయి ఉంటే తేలిక తడి ఇచ్చి, రెండు రోజులాగి పీకండి. ఎండిన నేలలో ఊడలు తెగి కాయలు లోపలే మిగిలిపోతాయి. నిద్రావస్థ లేని గుత్తి రకాలైతే పీకడం ఆలస్యమై వాన పడగానే అక్కడే మొలకెత్తుతాయి. కాయలు ఆరబెట్టాక చెవి దగ్గర ఊపి చూడండి, గింజ గలగలమంటే సంచుల్లోకి ఎత్తవచ్చు.