స్మారక ట్రావెల్ అవార్డుకు దరఖాస్తు: ఆ ఒక్క పేజీ ఎలా రాయాలి?

ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫైలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఆసుపత్రి అడ్మినిస్ట్రేషన్‌లో చేరి రెండు మూడేళ్లయి ఉంటుంది. ఫలానా పెద్దాయన పేరు మీద కాన్ఫరెన్స్‌కు వెళ్లడానికి ఖర్చులిస్తారట, దరఖాస్తు ఒకసారి చూడండి మేడమ్ అంటారు. గడువు ఎప్పుడంటే "రేపు రాత్రి" అంటారు. చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, అసలు పేజీ తప్ప.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. అర్హత చదవండి. 'కెరీర్ తొలి దశ' అన్నదాన్ని కొందరు డిగ్రీ వచ్చిన తేదీ నుంచి లెక్కిస్తారు, కొందరు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి. కొన్ని అవార్డులకు ఆ కాన్ఫరెన్స్‌లో మీ పేపరో పోస్టరో ముందే ఓకే అయి ఉండాలి, కాబట్టి అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) పంపే గడువు కూడా చూసుకోండి. సర్కారు దవాఖానాలో పనిచేసేవాళ్లు ఎన్‌ఓసీకి (పైవాళ్లు 'మాకు అభ్యంతరం లేదు' అని ఇచ్చే పత్రానికి) ఇప్పుడే కాగితం పెట్టండి, అది వారంలో కదిలేది కాదు. సిఫారసు లేఖ మీ పనిని రోజూ చూసేవారి దగ్గరే తీసుకోవాలి. హైదరాబాద్ పెద్ద డాక్టరు లెటర్‌హెడ్ మీద 'మంచి నడవడి గలవాడు' అని రెండు లైన్లు రాసిస్తే దేనికి? మీ ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) రాసే ఒక్క పేరా అంతకంటే నయం. సర్టిఫికెట్లను ఫోన్‌తో వంకరగా ఫొటోలు తీయకుండా జిరాక్స్ షాపులో స్కాన్ చేయించండి.

ఇక ఆ పేజీ. 'మీకెందుకు ఇవ్వాలి' అని అడుగుతారు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

స్మారక అవార్డు కదా అని మొదటి పేరా అంతా పోయినాయన గొప్పతనానికే రాసేస్తారు, సంతాప సభలో మైకు దొరికినట్టు. ఎంపిక చేసేవాళ్లలో ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు, ఆయన శిష్యులు ఉండొచ్చు. ఆయన గురించి వాళ్లకు మీరు చెప్పేదేముంది? ఆయన దేనికోసం పాటుపడ్డారో చదవండి. మీ పనికీ దానికీ నిజంగా లంకె ఉంటే ఒక్క వాక్యం రాయండి. లేకపోతే అదీ వద్దు.

మిగతా పేజీ అంతా ఒకే సమస్య గురించి ఉండాలి. మీరు చేసిన పది పనులు బయోడేటాలో ఎలాగూ ఉంటాయి.

ఒకమ్మాయి 'సోమవారం ఓపీలో వేచి ఉండే సమయం 50 శాతం తగ్గింది' అని రాసుకొచ్చింది. ఈ లెక్క ఎక్కడిదమ్మా అంటే "అలా అనిపించింది మేడమ్" అంది. అదృష్టం కొద్దీ ఓపీ చిట్టీ మీద టైమ్ ప్రింటవుతుంది, డాక్టరు గది ముందు సిస్టరు రిజిస్టర్‌లో టైమ్ రాస్తుంది. రెండో కౌంటరు తెరవకముందు నాలుగు సోమవారాలు, తర్వాత నాలుగు సోమవారాలు, ప్రతి పదో పేషెంటుకు రెండు టైములూ తీయించాను. సగటు వద్దన్నాను. చిట్టీ తీసుకుని టిఫిన్‌కు పోయి మూడు గంటల తర్వాత వచ్చినవాడు ఒక్కడు చాలు, సగటు పాడవడానికి. మీడియన్ (అన్నీ వరుసలో పేరిస్తే నడిమధ్య వచ్చే అంకె) తీస్తే 70 నిమిషాలు ఉన్నది 52 అయింది. అంటే పావు వంతు. పావు వంతనే రాయించాను. ఆ ఏడాది అవార్డు రాలేదు. మరుసటి ఏడు ఇంకోదానికి అదే పేజీ పంపితే వచ్చింది.

'మేము' అనే మాటతో జాగ్రత్త. రెండో కౌంటరు తెరిపించింది సూపరింటెండెంట్ గారు, ప్రింటర్ కొన్నది ఆసుపత్రి. మరి మీరేం చేశారు? పొద్దున ఏడున్నరకు వచ్చి లైను లెక్కపెట్టింది మీరైతే అదే రాయండి. అది చిన్న పని కాదు. ఇంకొకరు చేసినదాన్ని మీ ఖాతాలో వేసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మన సంగతులు బయటివాళ్లకు తెలియవని కూడా గుర్తుంచుకోండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు (మహబూబ్‌నగర్) ఒకటి. ఇక్కడ ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆ పథకం తరఫున పేషెంట్లకు సాయపడే మనిషి) అంటే ఎవరో పేషెంటుకూ తెలుసు, ప్రీ ఆథ్ (పథకం ఇచ్చే ముందస్తు అనుమతి) రాక ఆపరేషన్ ఆగడమంటే ఏమిటో అటెండరుకూ తెలుసు. ఎక్కడో కూర్చున్న కమిటీ సభ్యుడికి ఆ రెండింటినీ ఒక్కో వాక్యంలో చెప్పాలి. వలస వెళ్లొచ్చిన కుటుంబానికి కార్డు ఒకచోట, మనుషులు ఒకచోట ఉంటే డిశ్చార్జి కౌంటర్లో ఏమవుతుందో మీరు చెప్తేనే వాళ్లకు తెలుస్తుంది. కానీ పేషెంటు పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాయొద్దు. చిన్న ఊరి పేరూ జబ్బూ పక్కపక్కన రాసినా మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఆసుపత్రి లెక్కలు బయటికి పంపుతున్నారు కాబట్టి అనుమతి కాగితం మీద తీసుకోండి.

శాంపిల్ ముందు పెట్టుకుని రాయకూడదు. నా లెక్కలో ఇది రూలు. అవన్నీ 'చిన్నప్పటి నుంచీ సేవంటే ఇష్టం' అనే మొదలవుతాయి. ముందు మీరు రాయబోయే సంగతి ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పండి. ఆమె "అయితే ఏమైంది?" అని ఎక్కడ అడిగిందో అక్కడ మీ రాతలో లోటుందని అర్థం. ఆ తర్వాతే ఇంగ్లిష్‌లో పెట్టండి. కాన్ఫరెన్స్‌లో ఏ సెషన్ వింటారో, తిరిగొచ్చాక మీ ఓపీలో ఏం మారుస్తారో చివర్లో మూడు లైన్లు చాలు.

అవార్డు వస్తే సంతోషమే కానీ, చాలావాటికి డబ్బు ముందు చేతికి రాదు. ఖర్చు పెట్టుకుని వెళ్లొచ్చి బిల్లులు పెడితే ఇస్తారు. ట్యాక్సీకి అనుమతి ఉందో లేదో ముందే మెయిల్‌లో అడగండి. శంషాబాద్ ఎటూ మనకు హైవే మీదే కాబట్టి బస్సు, లగేజీ తక్కువుంటే అదే మేలు. బోర్డింగ్ పాసులు దాచుకోండి. బస్సు టికెట్‌ను మాత్రం దిగగానే ఫొటో తీయండి, ఆ కాగితం మీది అచ్చు నెల తిరిగేసరికి వెలిసిపోతుంది.