వీగనిజం మీద ఏ సమాచారం నమ్మాలి, ఎలా సరిచూసుకోవాలి

వీగనిజం (మాంసం, పాలు, గుడ్లు సహా జంతువుల నుంచి వచ్చేవేవీ వాడకపోవడం) గురించి చలామణి అయ్యే తప్పుడు సమాచారంలో పచ్చి అబద్ధాలు తక్కువే. నిజమైన అంకెనే తీసుకుని, దాని ముందూ వెనకా కత్తిరించి చూపించడం ఎక్కువ. అందుకే మంచి వెబ్‌సైట్ల పేర్లు నాలుగు తెలిస్తే చాలదు, ఒక అంకెను దాని మూలం దాకా వెంబడించడం తెలియాలి.

వెతికే ముందు ప్రశ్నను విడగొట్టుకోండి. ‘వీగన్‌గా బతకడం మంచిదా?’ అని కొడితే వచ్చేవన్నీ ప్రచారాలే. అందులో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆరోగ్యం సంగతి ప్రయోగాలూ, మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలూ చెప్పాలి. పర్యావరణం సంగతి కొలతలు చెప్పాలి. నైతికత దగ్గర వాదన నిలుస్తుందా లేదా అన్నదే చూడాలి. గుండెజబ్బులు తగ్గాయని రుజువైతే జంతువుల్ని చంపడం తప్పని తేలిపోదు. చంపడం తప్పని ఒప్పుకున్నంత మాత్రాన శరీరానికి విటమిన్ బి12 అవసరం తీరిపోదు. ఒకదాని సాక్ష్యాన్ని ఇంకోదానికి అతికించే పేజీ కనబడితే అక్కడే జాగ్రత్త పడండి.

పర్యావరణం: శాతం దేనిలో?

అంకెలు ఎక్కువగా చేతులు మారేది ఇక్కడే. ప్రపంచ గ్రీన్‌హౌస్ ఉద్గారాల్లో పశుపోషణ వాటా ఎంత అని వెతికితే 18, 14.5, 12, 51 శాతం అని నాలుగు జవాబులు దొరుకుతాయి. మొదటి మూడూ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవే. 18 శాతం 2006 నివేదికలోది. 14.5 శాతం 2013లో వచ్చింది, దాని లెక్కలకు ఆధారం 2005 నాటి డేటా. 12 శాతం 2023 నివేదికలోది, ఆధారం 2015 డేటా. వాటా ఇలా తగ్గుతూ వచ్చిందని అనుకుంటే పొరపాటు. ప్రతిసారీ లెక్కించే పద్ధతీ, ఆధార సంవత్సరమూ మారాయి కాబట్టి ఈ మూడింటినీ ఒకే గ్రాఫులో గీయకూడదు.

51 శాతం 2009లో వరల్డ్‌వాచ్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంలోది. అందులో జంతువులు శ్వాసలో వదిలే కార్బన్ డయాక్సైడును కూడా కలిపారు. ఆ కార్బన్ జంతువు తిన్న మొక్కలు గాలి నుంచి తీసుకున్నదే కాబట్టి మామూలు పద్ధతుల్లో దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇప్పటికీ 51 శాతమని రాసే పేజీ మూలం చూడలేదని అర్థం చేసుకోవచ్చు.

వీగనిజాన్ని వ్యతిరేకించే వైపూ ఇంతే జాగ్రత్తగా చూడాలి. 2006 నివేదిక రవాణా కంటే పశుపోషణ ఉద్గారాలే ఎక్కువని చెప్పింది. పశుపోషణకు మేత పండించడం దగ్గర్నుంచి మొత్తం గొలుసును లెక్కేసి, రవాణాకు వాహనాలు నేరుగా వదిలేదాన్ని మాత్రమే లెక్కేశారు. అమెరికాలోని జంతుశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంక్ మిట్లోహ్నర్ దీన్ని ఎత్తిచూపితే నివేదిక రచయితల్లో ఒకరు ఒప్పుకున్నారు కూడా. ఆ ఒక్క పోలిక తప్పయినంత మాత్రాన పశుపోషణ ప్రభావం చిన్నదైపోదు, కానీ చాలా పేజీలు ఆ తప్పును అలా చిన్నదని చూపడానికే వాడుకుంటాయి.

కాబట్టి ఏ అంకె కనిపించినా నాలుగు విషయాలు అడగండి. ఎవరు లెక్కగట్టారు? ఏ ఏడాది డేటా? అడవుల నరికివేత, మేత సాగు, రవాణా కలిపారా? కిలోకా, వంద గ్రాముల ప్రొటీనుకా, వెయ్యి కేలరీలకా? ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. కూరగాయల్లో కేలరీలు తక్కువ కాబట్టి, కిలో లెక్కన చాలా మేలుగా కనిపించే ఆకుకూర కేలరీ లెక్కన అంత మేలుగా కనిపించదు.

నీటి లెక్కలోనూ ఇలాంటి మెలికే ఉంది. కిలో గొడ్డు మాంసానికి సుమారు 15,415 లీటర్లన్న ప్రపంచ సగటు నిజమే. అందులో దాదాపు 94 శాతం పచ్చిక మీదా, మేత పొలాల మీదా పడిన వాననీరు. నదుల నుంచీ బోర్ల నుంచీ తోడిన నీరు కొద్ది భాగమే. నీటి కొరత గురించి మాట్లాడాలంటే ఆ రెండో అంకె కావాలి.

ఒక్క పరిశోధనతో మొదలుపెట్టాలనుకుంటే 2018లో సైన్స్ పత్రికలో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ వెలువరించినది తీసుకోండి. 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారం, 40 రకాల ఆహారాలు అందులో ఉన్నాయి. సగటుతో పాటు, ఒకే ఆహారాన్ని వేర్వేరు చోట్ల పండిస్తే ఎంత తేడా వస్తుందో కూడా చూపిస్తుంది. అవర్ వరల్డ్ ఇన్ డేటా సైట్‌లో దీని గ్రాఫులు ఉచితంగా దొరుకుతాయి, కిలోలూ ప్రొటీనూ కేలరీల లెక్కలు మార్చి చూసుకోవచ్చు.

ఆరోగ్యం: వెయ్యి మందిలో ఎందరికి?

బ్రిటన్‌లో జరుగుతున్న ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనాన్ని చూడండి. 2020 ఫలితాల్లో మాంసం తినేవారితో పోలిస్తే వీగన్లలో ఎముకలు విరిగే ముప్పు 43 శాతం ఎక్కువగా తేలింది. వార్తల శీర్షికలు ఇక్కడే ఆగిపోతాయి. పరిశోధన పేపర్ తెరిస్తే, పదేళ్లలో ప్రతి వెయ్యి మందికి సుమారు 19 కేసులు అదనమని రాసి ఉంటుంది. ఆ తేడాలో కొంత తక్కువ శరీర బరువు వల్ల, కొంత కాల్షియం, ప్రొటీన్ తక్కువగా తీసుకోవడం వల్ల అని కూడా ఉంటుంది. భయపెట్టే అంకె నుంచి పనికొచ్చే సలహా అక్కడే దొరుకుతుంది: కాల్షియం, ప్రొటీన్ చూసుకోవాలి.

అదే అధ్యయనం 2019లో శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువనీ, పక్షవాతం 20 శాతం ఎక్కువనీ చెప్పింది. వెయ్యి మందికి పదేళ్లలో గుండెజబ్బు 10 కేసులు తక్కువ, పక్షవాతం 3 కేసులు ఎక్కువ. వీగన్ల సంఖ్య తక్కువ కావడంతో ఇక్కడ వాళ్లను పాలు, గుడ్లు తీసుకునే శాకాహారులతో కలిపి లెక్కేశారు. ఈ రెంటిలో ఒక్క అంకెనే చెప్పే పేజీ ఏ పక్షమో మీకే తెలిసిపోతుంది.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో పొగాకు ఉన్న గ్రూప్ 1లోనే చేర్చింది. ఆ గ్రూపు సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. ఆ సంస్థ ఉదహరించిన అంచనాల్లో పొగాకు వల్ల ఏటా సుమారు పది లక్షల క్యాన్సర్ మరణాలుంటే, ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తినడం వల్ల సుమారు 34,000.

వైద్య పరిశోధనల సూచిక అయిన పబ్‌మెడ్‌లో ఇంగ్లీషు పదాలతో వెతికి, ఎడమవైపు ఫిల్టర్లలో సిస్టమాటిక్ రివ్యూ, మెటా ఎనాలిసిస్ (రెండూ చాలా అధ్యయనాలను కలిపి తూచేవి), ఉచిత పూర్తి పాఠం ఎంచుకోండి. సారాంశం చదివి ఆగకండి. ఎవరి మీద చేశారు, ఎన్నేళ్లు, వీగన్లు ఎందరు, డబ్బు ఎవరిచ్చారు, ఇవి తప్పక చూడండి. పరిశ్రమ డబ్బు ఉన్నంత మాత్రాన ఫలితం అబద్ధం కాదు, కాకపోతే స్వతంత్రంగా చేసిన మరో అధ్యయనం కూడా అదే చెబుతోందా అని వెతకాలి.

వృత్తి సంఘాల ప్రకటనలకు గడువుంటుంది. సరిగ్గా చూసుకుంటే వీగన్ ఆహారం సరిపోతుందని అమెరికా పోషకాహార నిపుణుల అకాడమీ 2016లో అన్ని వయసుల వారికీ వర్తించేలా చెప్పింది. 2025 ప్రకటన గర్భిణులు, పాలిచ్చే తల్లులు కాని పెద్దవాళ్లకే పరిమితం. పాత ప్రకటనను పసిపిల్లలకు అన్వయించి రాసే పేజీలు ఇంకా ఉన్నాయి. గర్భిణుల, పిల్లల విషయంలో పేజీలు పక్కనపెట్టి డాక్టర్నీ, డైటీషియన్నీ అడగాలి.

ఆరోగ్యం మీద రాసిన ఏ పేజీనైనా తూచాలంటే అది బి12 గురించి ఏమంటుందో ముందు చూడండి. టాబ్లెట్ గానీ, బి12 కలిపిన ఆహారం గానీ తప్పనిసరని స్పష్టంగా చెప్పకపోతే ఆ పేజీ మూసేయండి. పెద్దవాళ్లకు అమెరికా ప్రమాణం రోజుకు 2.4 మైక్రోగ్రాములు. స్పిరులినా అనే నాచులో ఉండేది ఎక్కువగా శరీరానికి పనికిరాని రూపం. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి సరిపోవచ్చు కాబట్టి ‘రెండేళ్లుగా ఏమీ వాడలేదు, బాగానే ఉన్నా’ అన్నది సాక్ష్యం కాదు. ఫోలేట్ బాగా తింటుంటే రక్తహీనత బయటపడకుండానే నరాలు దెబ్బతినవచ్చు. రక్తపరీక్షలో బి12 అటూఇటూగా ఉంటే లోపాన్ని నిర్ధారించే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి.

నైతికత: బలమైన వాదననే చదవండి

వీగన్ సొసైటీ ఇచ్చే నిర్వచనంలో ‘సాధ్యమైనంత, ఆచరణీయమైనంత మేరకు’ అన్న షరతు ఉంది. ‘మందులు జంతువుల మీద పరీక్షిస్తారు కాబట్టి వీగనిజమే బూటకం’ అనే వాదన ఈ షరతును చదవకుండా చేసేది. తత్వశాస్త్రానికి స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఉచితం, పండితులే రాసి సవరిస్తుంటారు. అక్కడ తత్వవేత్తలు పీటర్ సింగర్ బాధను తూచే దారికీ, టామ్ రీగన్ హక్కుల దారికీ తేడా గమనించండి. బాధ లేకుండా పెంచి చంపితే పర్వాలేదా అన్న ప్రశ్న దగ్గర ఆ రెండు దారులూ విడిపోతాయి.

‘పంటకోతల్లో ఎలుకలూ చస్తాయి కదా’ అన్నది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. 2003లో స్టీవెన్ డేవిస్ అనే పరిశోధకుడు దీన్ని హెక్టార్ల లెక్కన వాదించాడు. పచ్చికబయలు మీద మేసే పశువులైతే చావులు తక్కువన్నాడు. అదే ఏడాది గావరిక్ మథేనీ, లెక్క విస్తీర్ణానికి కాదు, పండే ఆహారానికి కట్టాలనీ, పచ్చికకు అంతే ఆహారానికి చాలా ఎక్కువ నేల కావాలనీ చూపించాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. వధించే జంతువుల సంఖ్యలకు ఆహార వ్యవసాయ సంస్థ డేటాబేస్ ఉంది. అందులో చేపలు టన్నుల్లో ఉంటాయి, తలల్లో ఉండవు. అందుకే చేపల సంఖ్య ఎక్కడ కనిపించినా అది అంచనా అనే గుర్తుంచుకోండి.

చాట్‌బాట్‌లు లేని పేపర్లను ఉన్నట్టు పుట్టించగలవు. వీడియోలు పేరు మాత్రం చెప్పి లంకె ఇవ్వవు. పేపర్ డీఓఐ నంబరును (ప్రతి పేపర్‌కూ ఇచ్చే గుర్తింపు సంఖ్య) డీఓఐ వెబ్‌సైట్‌లో వేసి తెరవండి. తెరుచుకున్నది ఆ పేపరేనా, ఉపసంహరించుకున్నట్టు గుర్తు ఉందా చూడండి. గూగుల్ స్కాలర్‌లో దాన్ని ఉదహరించిన తర్వాతి పేపర్లు కూడా ఒకసారి తిరగేయండి, విమర్శలు దొరికేది అక్కడే. పావుగంట వెతికినా మూలం దొరకని అంకెను ఎవరికీ పంపకండి.