5 వాట్లే కదా అని తీగ విసరకండి

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం కరెంటు తీగకు తగిలి ఐదుగురు చనిపోయారు. మన జిల్లాల్లో ఇదే సంగతి ఏదో ఒక రూపంలో ఏడాది పొడుగునా వింటూనే ఉంటాం. బోరు మోటారు పైకి తీస్తుంటే ఇనుప పైపు లైనుకు తగిలిందంటారు, జెండా కట్టె తగిలిందంటారు, నిచ్చెన తగిలిందంటారు. ఇప్పుడు దసరా సెలవులు. చిన్న రేడియో సెట్టు, యాంటెన్నా తీగ నిలబెట్టే గాలం కట్టె సంచిలో పెట్టుకుని దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ, ఖిల్లా ఘనపురం కోటల వైపు బయల్దేరే హామ్‌లకు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకు, ఇది మంచి కాలం. వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు. నీళ్ళు తీసుకెళ్ళండి, టోపీ పెట్టుకోండి లాంటివి ఇందులో లేవు. అవి మీకు తెలుసు.

5 వాట్ల సెట్టు కొన్నవాళ్ళకు ఒక ధీమా ఉంటుంది. పవర్ తక్కువ, 12 వోల్టుల బ్యాటరీ, ఏమవుతుంది? సెట్టుతో నిజంగానే పెద్దగా ఏమీ కాదు. ప్రాణం తీసేది మీరు చేత్తో పైకెత్తే 20 మీటర్ల రాగి యాంటెన్నా తీగ. దాని కొస 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు తగిలితే, కింద ఉన్నది 5 వాట్ల సెట్టా 100 వాట్ల సెట్టా అన్నది లెక్కలోకే రాదు. నిజానికి 100 వాట్ల వాళ్ళు ఇంటి మీద ఒకసారి యాంటెన్నా కట్టి వదిలేస్తారు. క్యూఆర్‌పీ (తక్కువ పవర్) వాళ్ళే ప్రతిసారీ కొత్త జాగాలో, తెలియని చెట్టుకు, మబ్బు పట్టేలోపు హడావిడిగా కడతారు. అందుకే ప్రమాదం మనకే ఎక్కువ.

తప్పు ఎప్పుడూ ఒకటే. కట్టె నిలబెట్టే చోట తలెత్తి చూస్తారు. నెత్తి మీద లైను కనబడలేదు కాబట్టి సరే అనుకుంటారు. ఆ కట్టె పడితే ఎక్కడిదాకా పడుతుందో, తీగ ఎత్తడానికి తాడు కట్టి విసిరిన రాయి కొమ్మ దాటి ఎంత దూరం పోతుందో, ఈదురుగాలికి తీగ ఎటు కొట్టుకుపోతుందో చూడరు.

తీగ ఎత్తే ముందు

లెక్క ఇది. కట్టె పొడవుకు తీగ పొడవు కలపండి. 10 మీటర్ల కట్టె, 40 మీటర్ల బ్యాండుకు (అది రేడియో తరంగం పొడవు) ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్ తీగ, అంటే ఒక కొస నుంచి పవర్ ఇచ్చే సగం తరంగం పొడవు తీగ, సుమారు 20 మీటర్లు, మొత్తం 30. పైన ఇంకో 10 వేసుకోండి. మీరు నిలబడిన చోటి నుంచి ఏ దిక్కున చూసినా 40 మీటర్ల లోపల కరెంటు లైను ఉండకూడదు. అంగలేస్తే ఇంచుమించు 55. కంటి అంచనా వద్దు, నడిచి లెక్కపెట్టండి.

పొలాల మీదుగా పోయే 11 కేవీ లైను ఎంత ఎత్తులో ఉంటుందో చాలామందికి తెలియదు. వీధి పక్కన గానీ వీధికి అడ్డంగా గానీ పోనప్పుడు, తొడుగు లేని 11 కేవీ తీగకు నిబంధనల ప్రకారం ఉండాల్సిన కనీస ఎత్తు 4.6 మీటర్లు. అంటే 15 అడుగులు. మీ గాలం కట్టె అంతకు రెట్టింపు ఉంది. వానలకు నేల మెత్తబడి స్తంభం ఒరిగితే ఆ 15 అడుగులు కూడా ఉండవు. పైగా మన దగ్గర బోర్ల కోసం పెట్టిన 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల దాకా 11 కేవీ లైనే వస్తుంది. ఊరి బయట, రోడ్డు పక్కన మాత్రమే పెద్ద లైను ఉంటుందనుకోవద్దు. గుట్ట కింద బాయికాడికి కూడా అదే వస్తుంది.

చూసే పద్ధతి కూడా చెబుతాం. బ్యాగు బండిలోనే ఉంచండి. చేతిలో తీగ ఉంటే కళ్ళు చెట్టు కొమ్మ మీదే ఉంటాయి. ముందు చుట్టూ ఒకసారి తిరగండి. ఒక్కో స్తంభాన్ని పట్టుకుని, దాని మీది తీగ వెంట చూపు తీసుకెళ్ళి తర్వాతి స్తంభం దాకా వెళ్ళండి. రెండో స్తంభం కనబడలేదంటే లైను లేదని కాదు, చెట్ల వెనక ఉందని. బోరు స్టార్టర్ డబ్బా కనబడితే అక్కడికి కరెంటు ఎటునుంచి వస్తోందో తేలేదాకా కదలకండి. ఎదురెండలో సన్న తీగ కనబడదు, కాబట్టి సూర్యుణ్ణి వీపుకు పెట్టుకుని అవతలి వైపు నుంచి ఇంకోసారి చూడండి.

ఇక సాకులు. తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉందంటారు. ఆ తొడుగు 300 వోల్టులకో 600కో తట్టుకుంటుంది. 11 కేవీ లైనులో ఒక్కో తీగకూ భూమికీ మధ్య ఉండేది దాదాపు 6,350 వోల్టులు. కట్టె ఫైబర్ గ్లాసు అంటారు. దాని వెంబడి రాగి తీగ పైదాకా పోతున్నప్పుడు కట్టె దేనితో చేశారన్నది అనవసరం. అందులోనూ గాలం కట్టెల్లో చాలావాటిలో కార్బన్ ఫైబర్ ఉంటుంది, అది కరెంటు పారే సరుకు. కొన్నప్పుడు ఏది అని అడిగారా? నైలాన్ తాడే కదా విసిరేది అంటారు. పొద్దున మంచుకో వానకో తడిసిన తాడును నమ్మకండి. ఈ టైములో పొలాలకు కరెంటు రాదులే అంటారు. వ్యవసాయానికి వంతులవారీ కరెంటు ఉన్న రోజుల లెక్క అది. 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా పెట్టారు. మధ్యలో పోయినా, మళ్ళీ ఎప్పుడొస్తుందో మీకు చెప్పి రాదు.

రాయి కట్టి విసరడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒడిసెలతో గానీ గులేరుతో గానీ తాడు కొమ్మ మీదికి కొట్టేవాళ్ళు కొమ్మ ఎత్తు చూసుకుంటారు, కొమ్మ తప్పితే రాయి ఎక్కడ పడుతుందో చూసుకోరు. గురి తప్పిన రాయి తాడును తీసుకుని నేరుగా అవతలికి పోతుంది. అవతల లైను ఉంటే ఆ చెట్టును వదిలేయండి. ఎంత మంచి చింతచెట్టైనా సరే. తాటిచెట్టు అసలే వద్దు. మట్టల రంపపు అంచులు తీగను కోస్తాయి, కల్లు గీసే గౌడన్న తిడతాడు. రెండూ న్యాయమే.

తీగ లైను మీద పడితే

వదిలేయండి. లాగకండి. సెట్టు, కట్టె, బ్యాటరీ అన్నీ అక్కడే వదిలేసి, రెండు పాదాలు దగ్గర పెట్టుకుని నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ దూరం పోండి. పెద్ద అంగలు వేస్తే నేలలో పారే కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది. కనీసం 10 మీటర్ల లోపలికి ఎవర్నీ రానివ్వకండి. మేకలు కాసేవాళ్ళను, చూడ్డానికి చేరిన పిల్లలను ముందు ఆపండి. 1912కు ఫోన్ చేసి లైను మీద తీగ పడిందని, స్తంభం మీద నంబరు కనబడితే అది కూడా చెప్పండి.

టప్పుమని మెరుపొచ్చి ఆగిపోయింది కదా, ఇప్పుడు తీసేద్దాం అనిపిస్తుంది. అదే రెండోసారి చంపేది. ఫీడర్ ట్రిప్పయితే సబ్‌స్టేషన్‌లో మళ్ళీ చార్జ్ చేస్తారు, మీరు తీగ పట్టుకుని ఉన్నారని వాళ్ళకు తెలియదు. ఎండిన మొరంలోనూ బండ మీదా తీగ పడితే లైను ట్రిప్పే కాకపోవచ్చు, చప్పుడు లేకుండా అలాగే బతికి ఉంటుంది. లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నానని, అంటే లైను ఆపించానని చెప్పేదాకా అందులో కరెంటు ఉన్నట్టే.

ఎవరికైనా తగిలితే ముట్టుకోకండి. కరెంటు ఆపించాకే దగ్గరికి వెళ్ళాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్ళతో 108కి చెప్పించండి.

బ్యాటరీ

ఇది సెట్టును చంపుతుంది, మనిషిని చంపడం అరుదు. కాబట్టి కొంచెం తొందరగా ముగిస్తాం. మందు కొట్టే చార్జింగ్ పంపులోని 12 వోల్టులు, 8 ఏహెచ్ బ్యాటరీ చాలామంది వాడుతున్నారు, దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది లిథియం ప్యాకులతోనే. నాలుగు సెల్లుల లిథియం ఐయాన్ ప్యాకు నిండితే 16.8 వోల్టులు చూపిస్తుంది. యాయెసు (Yaesu) ఎఫ్‌టీ-817 సెట్టుకు గరిష్ఠం 16, ఎలెక్రాఫ్ట్ కేఎక్స్2 సెట్టుకు 15. అదే నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 14.6 దగ్గర ఆగుతుంది. రెంటి మీదా ‘12 వోల్టులు’ అని రాసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ప్రతిసారీ మీటరు పెట్టి చూశాకే సెట్టుకు తగిలించండి.

క్యూఎంఎక్స్ కిట్టు (విడిభాగాలుగా కొని కట్టుకునే సెట్టు) 9 వోల్టులకు కట్టిందా 12కు కట్టిందా అన్నది డబ్బా మీద పెన్నుతో రాసి ఉంచండి. చివరి దశలో ఉండేవి బుడ్డ బీఎస్170 ట్రాన్సిస్టర్లు. వాటికి ఎక్కువ వోల్టేజీ, పాడు ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా కుదరక పవర్ వెనక్కి రావడం) ఒకేసారి తగిలితే మీకు వాసన వచ్చేలోపే పోతాయి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొస నుంచి జానెడు లోపలే ఉండాలి. 5 వాట్ల సెట్టుకు 3 లేదా 5 ఆంపియర్లు చాలు. ఫ్యూజు సెట్టు వైపు పెడితే మధ్యలో వైరు నలిగి షార్టయినప్పుడు అది పోదు, వైరే ఎర్రబడి కాలుతుంది. లిథియం ప్యాకును ఎండలో నిలిపిన కారులో వదలకండి, వేడిగా ఉండగా చార్జింగ్ పెట్టకండి.

ఉరుములు

ఉత్తర, హస్త, చిత్త కార్తెల వానకు ఉరుములెక్కువ. పొద్దున నిర్మలంగా ఉండి మధ్యాహ్నం తిరిగాక మబ్బు లేస్తుంది. గుట్ట మీది పనంతా పన్నెండు లోపల ముగించుకునేలా ఎక్కండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేదంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. అప్పుడు ఆపాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. పిడుగుల సంగతి చెప్పే దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి, కానీ గుట్టల మధ్య సిగ్నల్ పోతుంది, చెవులు పోవు.

మబ్బు నెత్తి మీదికి వచ్చేసిందా, యాంటెన్నా దించే పని పెట్టుకోకండి. కోయాక్స్‌ను (సెట్టు నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్‌ను) చేత్తో ఊడబీకకండి. అన్నీ వదిలి దిగండి. ఇనుప టాపున్న కారు మంచిది. బైకు కాదు, ఆటో కాదు, చెట్టు కింద కాదు, కోట బురుజు మీద అసలే కాదు.

ఇక వరుసగా, దొరికినవి దొరికినట్టు:

- ఎండ్ ఫెడ్ తీగ కొస చేతికందే ఎత్తులో ఉంచకండి. తీగకు పవర్ ఇచ్చే చిన్న 49:1 ట్రాన్స్‌ఫార్మర్ దాటాక 5 వాట్లకే 110 వోల్టుల పైన ఉంటుంది. వేలు పెడితే తెల్లటి చుక్కలా కాలుతుంది, మానడానికి టైము పడుతుంది. పిల్లలకు ఆ తీగే కావాలి.
- మైకు పెదవికి జివ్వుమందంటే కౌంటర్‌పాయిజ్ (ఎర్త్‌కు బదులు కట్టే తీగ) లేదు, లేదా కోయాక్స్‌కు చోక్ (కేబుల్ పైపొర మీద వెనక్కి వచ్చే కరెంటును ఆపేది) లేదు. సరిచేశాకే మళ్ళీ మాట్లాడండి.
- యాంటెన్నా తగిలించకుండా పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కకండి. ‘ఒక్కసారి చూద్దాం’ అని కూడా.
- పొలం కంచెకు, గట్టు మీది బైండింగ్ వైరుకు తీగ కట్టకండి, ఎర్త్‌గా వాడకండి. అడవి పందుల కోసం దొంగచాటుగా కరెంటు పెట్టిన చోట్లున్నాయి. మోకాలెత్తు తీగ చీకట్లో కనబడదు. పొద్దు గుంకాక పొలాలకు అడ్డం పడి నడవకండి.
- 220, 400 కేవీ లైన్ల కింద సెట్టు పెట్టకండి. తాకకపోయినా పొడుగు తీగలో కరెంటు పుడుతుంది. వినడానికి కూడా రొద తప్ప ఏమీ ఉండదు.
- బండ మీద మేకులు దిగవు. మూడు తాళ్ళు కట్టి, ఒక్కో దానికి తలకాయంత రాయి పెట్టండి. ఒక తాడుతో నిలిచిన కట్టె నిలిచినట్టు కాదు, అది ఎటు పడాలో గాలి నిర్ణయిస్తుంది.
- కట్టె అతుకులకు టేపు చుట్టండి. ఎండకు జారి ఒక్కసారిగా కూలతాయి.
- కోటల్లో బండ చరియల కింద తేనెపట్టు ఉందేమో చూడండి. పెద్ద తేనెటీగలు. రాయి విసరకండి, కట్టె తగలనీయకండి, కింద పొగ పెట్టకండి.
- అమ్రాబాద్ పులుల అడవిలో, ఫరహాబాద్ దారిలో దిగి తీగలు కట్టే పని లేదు. అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు.
- సాగర్, శ్రీశైలం డ్యాముల దగ్గర, సబ్‌స్టేషన్ గోడ పక్కన సెట్టు తీయకండి. కాపలా వాళ్ళకు మీ చేతిలో వైర్లు, బ్యాటరీ, మైకు కనబడతాయి, వీయూ2 అని మొదలయ్యే మీ హామ్ కాల్‌సైన్ కనబడదు.
- లైసెన్సు నకలు దగ్గర ఉంచుకోండి. ఇంటి బయటి నుంచి వాడటం గురించి అందులో ఏం రాసి ఉందో బయల్దేరే ముందే చదవండి. లైసెన్సు లేని తమ్ముడికి మైకు ఇవ్వకండి.
- ఒక్కరే వెళ్ళకండి. ఒకరు కట్టె ఎత్తితే ఇంకొకరి పని లైను వైపు చూడటమే. ఫోటోలు తీయడం కాదు.
- చేరగానే ఒకసారి, కట్టేముందు ఒకసారి, దించేముందు ఒకసారి చుట్టూ లైన్లు చూడండి. 55 అంగలు.
- దించేటప్పుడు తీగ కొమ్మకు చిక్కితే ఊపి లాగకండి. సాగిన తీగ తెగి ఎటు ఎగిరిపోతుందో తెలియదు. కోసి వదిలేయండి.
- జాగా మారాలంటే కట్టె పూర్తిగా ముడిచాకే మారండి. చాచిన కట్టెను నిలువుగా పట్టుకుని పది అడుగులు కూడా నడవకండి.