పిరమిడ్ పేక: 13 కూడే ముందు ఒక చూపు

ఎండాకాలం అనంతపురంలో మధ్యాహ్నాలు బయటికి కాలు పెట్టలేం. మా జేజికి పిరమిడ్ ఆట నేర్పింది అట్లాంటి పూటల్లోనే. ఒక కట్ట చాలు. 28 ముక్కలు ఏడు వరసల్లో, పైన ఒకటి, అడుగున ఏడు, కింది వరస పై వరసను కొంత కప్పేలా. మిగతా 24 చేతిలో. పైన ఏ ముక్కా కప్పని రెండు ముక్కలు కలిపి 13 అయితే తీసేయాలి. రాణికి ఆసు, జాకీకి రెండు, పదికి మూడు, తొమ్మిదికి నాలుగు. రాజు ఒక్కడే 13, పైన ముక్క లేకుండా దొరకగానే తీసేయండి.

కొత్తవాళ్లు జత దొరికిందే తడవు తీసేస్తారు. ఆట పోయేది అక్కడే. ముందు పిరమిడ్‌ను బాగా చూడండి. తొమ్మిది కప్పేసిన ముక్కల్లోనే నాలుగు ఇరుక్కుంటే ఆ రెండూ ఎప్పటికీ జత కాలేవు. ఆ తొమ్మిదికి కట్టలో మిగిలిన మూడు ‘నాలుగు’ ముక్కల్లో ఒకటి కావాలి. కాబట్టి చేతి కట్టలో వచ్చిన నాలుగును అక్కడే తిరిగేసిన తొమ్మిదితో ఖర్చు చేయొద్దు, పిరమిడ్‌లో దానికే వాడండి. ఒకే ముక్కకు రెండు జతలుంటే ఎక్కువ ముక్కల్ని విడిపించేదే తీయండి. ఇది పట్టుబడ్డాక మా జేజి ఒక్కో ముక్కకు రెండు నిమిషాలు ఆలోచిస్తోంది, గెలుస్తోంది కూడా.