ఉద్యోగంలో చేరే ముందు మీ మనసుని అడగాల్సినవి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు చదువుకున్న మన తెలుగు పిల్లల ముందున్న దారులు కొన్నే. అల్యూమినా ఫ్యాక్టరీలోనో పేపరు మిల్లులోనో కాంట్రాక్టర్ కింద పని, మైక్రోఫైనాన్స్‌లో ఫీల్డ్ ఆఫీసర్, లేదంటే విశాఖ రైలెక్కడం. ఇంట్లో చెల్లెలి ఫీజు కట్టాల్సినవాడితో "నచ్చకపోతే చేరకు" అంటే వాడికి ఏం ఒరుగుతుంది? అందుకని ఆఫర్ రాకముందే, ఏ పని మాత్రం చేయకూడదనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. జీతం అంకె కళ్లబడ్డాక ఏ పనికైనా మనసు ఏదో ఒక కారణం వెతికి సర్దుకుపోతుంది.

రాసేటప్పుడు కంపెనీ పేరు పక్కన పెట్టి, మీ చేత్తో ఏం జరుగుతుందో రాయండి. ఒకే మైనింగ్ కంపెనీలో ఆసుపత్రి నర్సు ఉంటుంది, ల్యాబ్‌లో నీళ్లు పరీక్షించేవాడు ఉంటాడు, భూముల కోసం ఊళ్లు తిరిగి సంతకాలు పెట్టించేవాడూ ఉంటాడు, వీళ్ల ముగ్గురి పాపపుణ్యాలు ఒకటి కావు. మీకు ఇక్కడి కోంధు ఆదివాసుల కువి భాష వచ్చు కాబట్టి ఆ మూడో పని ఇస్తామంటే మరీ జాగ్రత్తగా ఆలోచించండి, ఆ ఊరివాళ్లు తమ భాష మాట్లాడే మనిషని మీమీద పెట్టుకున్న నమ్మకానికే కంపెనీ జీతం ఇస్తోంది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పింది, రాయగడ, కలహండి జిల్లాల్లో జరిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. కాబట్టి ఇంటర్వ్యూలోనే అడగండి: ఇక్కడ గ్రామసభ జరిగిందా, తీర్మానం కాపీ చూపిస్తారా? జవాబు నసిగితే మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

మైక్రోఫైనాన్స్ సంగతి ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడ మీరు వసూలుకి వెళ్లేది మీ అత్తలాంటి వాళ్ల ఇంటికే. 2022 రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు, వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, తిట్టకూడదు. బ్రాంచ్ మేనేజర్‌ని సూటిగా అడగండి: "సార్, ఒకామె ఈ వారం కట్టలేకపోతే నేనేం చెయ్యాలి?" కట్టేదాకా ఇంటి ముందు కూర్చోమన్నా, టార్గెట్ తగ్గితే మీ జీతంలో కోస్తామన్నా, ఆ టెన్షన్ రేపు మీ నోటి నుంచే ఆ ఆడమనిషి మీదకి వెళ్తుంది. నా మట్టుకు నేను అలాంటి చోట చేరొద్దనే చెప్తాను.

వాళ్లు చెప్పింది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. కాంట్రాక్టర్ పీఎఫ్ కడుతున్నాడో లేదో ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరు కొడితే నెలవారీగా కనిపిస్తుంది. పర్యావరణ అనుమతులు, వాటి షరతులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. అన్నిటికన్నా పనికొచ్చేది షిఫ్ట్ వదిలే టైమ్‌కి గేటు దగ్గర టీ కొట్టులో కూర్చోవడం. మానేసినవాళ్లు దొరికితే ఎందుకు మానేశారో అడగండి, అయితే ఒక్కరి కోపాన్ని పట్టుకుని తేల్చేయకండి.

అప్పులుండి, వేరే దారి లేక, మనసొప్పని చోటే చేరాల్సి వస్తే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎంత పొదుపు కూడితే మానేయాలో ఇంట్లో అమ్మానాన్నలకు ముందే చెప్పండి, మధ్యలో చెప్తే గొడవవుతుంది. కాగితం మీద రాసుకున్న పని చేయమంటే మాత్రం "ఇది నాతో కాదు, వేరే పని ఇవ్వండి" అని రాతపూర్వకంగా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరు అడిగినా చూపించి వెనక్కి తెచ్చేసుకోండి, ఆఫీసులో ఉంచేస్తే మానేయాలనుకున్న రోజున వాటికోసం వాళ్ల చుట్టూ తిరగాలి.