హార్స్‌పవర్ ఎక్కువున్నా బండి వెనకబడుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: పల్సర్ 150 మీద ఉన్న కుర్రాడు మట్టి ట్రాకులో ఆర్‌ఎక్స్ 100ను దాటలేకపోతున్నాడు. అనంతపురం చుట్టుపక్కల సాధన చేసేవారిలో చాలామంది వెంటనే సైలెన్సర్ మార్పించడానికి పరుగెత్తుతారు. దానివల్ల సాధారణంగా పెరిగేది చప్పుడే.

కారణం: ఇంజను శక్తిని విడిగా చూడకూడదు, అది మోయవలసిన మొత్తం బరువుతో భాగించి చూడాలి. పల్సర్ సుమారు 14 హార్స్‌పవర్, 148 కిలోలు; ఆర్‌ఎక్స్ 100 సుమారు 11 హార్స్‌పవర్, 103 కిలోలు. ఇద్దరు రైడర్లూ 75 కిలోల వారైతే టన్నుకు మొదటిదానికి దాదాపు 63, రెండోదానికి 62 హార్స్‌పవర్ వస్తుంది, అంటే కాగితం మీద కనిపించిన మూడు హార్స్‌పవర్ల ఆధిక్యం రైడర్ ఎక్కగానే ఇంచుమించు మాయమవుతుంది. ఆర్‌ఎక్స్ మీది కుర్రాడు 65 కిలోల వాడైతే ఆ అంకె 65 దాటి అతనే ముందుంటాడు.

పరిష్కారం: ముందు తూకం వేయండి. లారీల వేబ్రిడ్జి అయిదు, పది కిలోల తేడాను సరిగా పట్టుకోదు కనుక వేరుశనగ మండీలో బస్తాలు తూచే కాటా మేలు. రైడర్ హెల్మెట్, జాకెట్‌తో కూర్చోగా ఒక చక్రాన్ని కాటా మీద, రెండోదాన్ని అంతే ఎత్తున్న పలక మీద ఉంచి, తర్వాత వాటిని తారుమారు చేసి, రెండు అంకెలూ కూడండి. ట్రాకుకే పరిమితమైన బండి అయితే చీర గార్డు, సెంటర్ స్టాండు, వెనక ఫుట్‌రెస్టులు తీసేయవచ్చు. పది లీటర్ల పెట్రోలే ఏడు కిలోలకు పైగా తూగుతుంది, కాబట్టి అవసరమైనంతే పోయించండి. పల్సర్ మీద పది కిలోలు తగ్గితే 0.6 హార్స్‌పవర్ పెరిగినట్టే, పైగా ఖర్చు లేదు.

సమస్య: ఉదయం చురుగ్గా ఉన్న బండి మధ్యాహ్నానికి పికప్ కోల్పోతుంది.

కారణం: 25 డిగ్రీల గాలితో పోలిస్తే మన వేసవి 42 డిగ్రీల గాలి సాంద్రత అయిదు శాతానికి పైగా తక్కువ. కార్బురేటర్ బండిలో గాలి పలచబడినా పెట్రోలు అంతగా తగ్గదు, అందువల్ల స్పార్క్ ప్లగ్ విప్పితే నల్లని మసి కనిపిస్తుంది.

పరిష్కారం: కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న మెయిన్ జెట్‌ను ఒక సైజు తగ్గించి మళ్లీ ప్లగ్ చూడండి. చల్లబడ్డాక పాత జెట్ తప్పకుండా బిగించాలి, లేకపోతే ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు చాలక పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లు ఈ సర్దుబాటును చాలావరకు తామే చేసుకుంటాయి.

సమస్య: స్టార్టింగ్‌లో మాత్రమే వెనకబడడం.

పరిష్కారం: ఇది గేరింగ్ లోపం. చైను తిప్పే ముందు పళ్ల చక్రం (స్ప్రాకెట్) 14 పళ్లది తీసి 13 పళ్లది వేస్తే చక్రానికి లాగే బలం ఏడు శాతానికి పైగా పెరుగుతుంది, గరిష్ఠ వేగం ఆ మేరకు తగ్గవచ్చు.

సమస్య: పొడవైన నేరు దారిలో మాత్రమే వెనకబడడం.

పరిష్కారం: అక్కడ ఎదురయ్యేది ప్రధానంగా గాలి. దాన్ని చీల్చుకుపోవడానికి 80 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి, కనుక బరువు తగ్గించే బదులు రైడర్ మోచేతులు లోపలికి తీసుకుని ట్యాంకు మీదికి వంగడం నేర్చుకోవాలి.