రెండు మాటలకు అర్థం ఒకటేనా? సత్య పట్టికతో తేల్చుకోవడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక రైతు "వాన పడితే కాంటా ఆగుతుంది" అన్నాడనుకుందాం. పక్కనున్న రైతు "అంతే కదా, కాంటా ఆగిందంటే వాన పడ్డట్టే" అన్నాడు. వినడానికి ఇద్దరూ ఒకటే అన్నట్టుంది. నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందు మాటల్ని ముక్కలు చేయండి. ఇక్కడ ముక్కలు రెండు: వాన పడింది, కాంటా ఆగింది. ఒక్కోటి నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు. ఈ నిజం-అబద్ధాల కలయికలన్నీ వరుసగా రాసి చూపేదే సత్య పట్టిక. కాబట్టి దానికి 4 వరుసలు కావాలి. ముక్కలు 3 అయితే 8, 4 అయితే 16.

తర్వాత పోల్చాల్సిన మాటలు రాసుకోండి.

1. వాన పడితే కాంటా ఆగుతుంది.
2. కాంటా ఆగలేదంటే వాన పడలేదు.
3. కాంటా ఆగిందంటే వాన పడింది.

ఇప్పుడు వరుసగా నింపండి (ని = నిజం, అ = అబద్ధం):

వాన | ఆగడం | 1 | 2 | 3
ని | ని | ని | ని | ని
ని | అ | అ | అ | ని
అ | ని | ని | ని | అ
అ | అ | ని | ని | ని

మూడో వరుస దగ్గర కాసేపు ఆగండి. వాన లేదు, అయినా కాంటా ఆగింది. హమాలీలు పనిలోకి రాలేదేమో. అంతమాత్రాన మొదటి రైతు మాట తప్పినట్టా? కాదు. వాన పడని రోజు గురించి ఆయన ఏమీ చెప్పలేదు. వాన పడుతున్నా కాంటా నడిస్తేనే ఆయన మాట తప్పుతుంది. అందుకే ఆ గడిలో "ని".

చివరగా నిలువు గడులు పోల్చండి. 1, 2 అన్ని వరుసల్లోనూ కలిశాయి కాబట్టి అవి తుల్యం, అంటే అర్థం ఒకటే. రెండోది మొదటిదాన్ని తిప్పి, రెండు ముక్కలకూ "కాదు" చేర్చింది; దాన్ని ప్రతివర్తితం అంటారు. మూడోది ముక్కల్ని ఊరికే తిప్పింది, అది విపర్యయం; అది రెండు వరుసల్లో తేడా కొట్టింది. తుల్యం కాదనడానికి ఒక్క వరుసలో తేడా చాలు. తుల్యం అనాలంటే మాత్రం ఒక్క వరుసనూ వదలకూడదు. రెండు వరుసలు కలవగానే టిక్కు పెట్టేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

"కాదు" వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. "మిర్చి, పత్తి రెండూ అమ్ముడుపోయాయనడం నిజం కాదు" అనే మాటను చాలామంది "రెండూ అమ్ముడుపోలేదు" అని తిరగరాస్తారు. అలా రాస్తే ఏదీ పోలేదనే అర్థం వస్తుంది. మిర్చి పోయి పత్తి మిగిలిన వరుసలో మొదటిది నిజం, రెండోది అబద్ధం. సరైన తుల్య వాక్యం: "మిర్చి అమ్ముడుపోలేదు లేదా పత్తి అమ్ముడుపోలేదు." ఈ సూత్రానికి పేరిచ్చిన గణితవేత్త డీ మోర్గాన్ 1806లో మన పక్కనే మదురైలో పుట్టాడు. మిర్చి, పత్తి మాటలకు ఆ 4 వరుసలూ మీరే వేసి చూడండి.